తోక ఊగడం, తోక ఊపడం

ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజు పొద్దున చిట్టి తోక ఊగింది.

మా ఆయన స్టీల్ ప్లాంటులో సి షిఫ్టు ముగించుకొచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతున్నారు. నేను వరండాలో పాత దుప్పటి మీద కూర్చుని, చిట్టి పొట్టని రెండు అరచేతుల మధ్య పట్టుకుని మూత్రం తీయిస్తున్నాను. సన్నటి ధార పడుతుండగా తోక రెండుసార్లు అటూ ఇటూ కదిలింది. "ఊపింది! నన్ను చూసి తోక ఊపింది!" అంటూ ఆయన రెండో బూటు విప్పకుండానే వచ్చేశారు. ఆ ముఖంలో వెలుగు చూస్తే కాదనడానికి నోరు రాలేదు. కానీ చెప్పక తప్పదు. "ఊపలేదండీ, ఊగింది," అన్నాను.

మన భాషలో ఈ రెండు మాటలకీ ఒక్క అక్షరమే తేడా. ఊగడం దానంతట అది జరిగిపోయేది. ఊపడం ఒకరు చేసేది. వెన్నుకి ఆపరేషన్ అయిన కుక్కని చూసుకునేవాళ్లు మొదట నేర్చుకోవాల్సింది ఈ తేడానే. మా ఆయన కన్వేయర్ల దగ్గర ఎలక్ట్రికల్ పని చేస్తారు. కాసేపు ఆలోచించి నా మాటని తన పనిలోకి మార్చుకున్నారు. "అంటే మోటారు లోకల్‌లో తిరుగుతోంది. కంట్రోల్ రూం నుంచి కేబుల్ ఇంకా అందలేదు. అంతేనా?"

అంతే. ఇరవయ్యేళ్లుగా పదో తరగతి పిల్లలకి ప్రతీకార చర్యాచాపం బొమ్మ గీసి పాఠం చెబుతున్నాను. ఇంత తేటైన పోలిక నాకెప్పుడూ తట్టలేదు.

చిట్టి డాష్‌హండ్. పొడుగాటి నడుము, పొట్టి కాళ్లు. అప్పటికి ఐదేళ్లు నిండాయి, తూకం తొమ్మిది కిలోలు. ఉక్కునగరం క్వార్టర్స్‌లో మా పిల్లలతో పాటే పెరిగింది. మార్చి నెలాఖరులో ఒక సాయంత్రం వీధిలో చేపలమ్మ కేక వినబడగానే దివాన్ మీంచి ఒక్క గెంతు గెంతింది. నేలని తాకుతూనే కుయ్యోమంది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. వీపు విల్లులా వంచి నిలబడింది, చెయ్యి వేస్తే వణికింది. మర్నాటికి వెనక కాళ్లు తడబడ్డాయి. మూడో రోజు తెల్లవారేసరికి ముందు కాళ్లతో నేల పట్టుకుని, నడుము కింది భాగాన్ని గోనెసంచిలా ఈడ్చుకుంటూ వంటింటి గడప దాకా వచ్చింది. మా ఇంట్లో పనిచేసే అక్క చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఏటమ్మా ఇది, కుక్కకి పచ్చవాతం వచ్చీసిందేటి?"

రెండో రోజే ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాం. నొప్పికి ఒక సూదీ, స్టెరాయిడ్ సూదీ రెండూ ఒకేసారి ఇచ్చి, పట్టేసిన నడుము వదలాలంటే కాస్త తిప్పుతూ ఉండమన్నారు. తిప్పాం. ఆ తిప్పడం ఎంత ప్రమాదమో తర్వాత తెలిసి చాలా రోజులు కుమిలిపోయాను. ఆ రెండు రకాల మందులూ కలిపి ఇస్తే కడుపులో పుండ్లు పడి రక్తం పోయే ప్రమాదముంది. ఈ జబ్బులో స్టెరాయిడ్లని మామూలు చికిత్సగా వాడవద్దని అమెరికా పశువైద్య నిపుణుల సంఘం 2022లో ఇచ్చిన ఏకాభిప్రాయ పత్రం చెబుతోంది. నడుము పట్టేసినట్టు కనబడ్డ కుక్కకి మొదటి వైద్యం కదలనివ్వకపోవడం. ఎందుకో తెలియాలంటే వెన్నులోకి తొంగి చూడాలి.

కుక్కకి మెడలో 7, ఛాతీలో 13, నడుములో 7 పూసలు. ఆ తర్వాత కలిసిపోయిన 3 త్రికపు పూసలు, చివర తోక. మనకైతే ఛాతీలో 12, నడుములో 5. పూసకీ పూసకీ మధ్య డిస్కు ఉంటుంది. ఎండాకాలం గాజువాకలో బండి మీద అమ్మే తాటిముంజని తలుచుకోండి. చుట్టూ గట్టి పీచు, నడుమ నీరు నిండిన మెత్తటి గుజ్జు. డిస్కూ అంతే. గెంతినప్పుడు పూసల మీద పడే బరువుని ఆ గుజ్జు అన్ని వైపులకీ పంచుతుంది. లేత ముంజని వేలితో నొక్కితే అణిగి మళ్లీ లేస్తుంది. ముదిరిన ముంజ అలా లేవదు. డాష్‌హండ్, బీగిల్, పెకినీస్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి జాతుల్లో ఈ గుజ్జు ఏడాది నిండేసరికే ముదరడం మొదలవుతుంది. నీరు పోయి మృదులాస్థిలా మారుతుంది, ఆపైన సున్నం పేరుకుంటుంది. అలాంటి డిస్కు మీద ఒక గెంతు బరువు పడితే పైవైపు పీచు చిట్లి, లోపలి సున్నపు ముద్ద ఎగజిమ్ముతుంది. సరిగ్గా ఆ పైనే వెన్నుపాము ఉంది.

స్వీడన్ పశువైద్యుడు హాన్స్ యోర్గన్ హాన్సెన్ 1950ల మొదట్లో కుక్కల డిస్కులని ఓపిగ్గా కోసి చూసి, ఈ చెడిపోవడం రెండు రకాలని తేల్చాడు. ముదిరి ఎగజిమ్మేది మొదటిది. పెద్ద జాతుల్లో వయసు మళ్లాక మెల్లగా ఉబ్బి ఒత్తేది రెండోది. ఇప్పటికీ డాక్టర్లు హాన్సెన్ టైప్ వన్, టైప్ టూ అనే రాస్తారు. ఈ ముదురుకి కారణమైన జన్యువు మాత్రం 2017 దాకా దొరకలేదు. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డానికా బనాష్ బృందం, కుక్కల 12వ క్రోమోజోము మీద ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకి అదనపు నకలు ఒకటి చొరబడి ఉందని చూపించింది. డిస్కుని చిన్నతనంలోనే ముదిరించేది ఆ నకలే, కాళ్లు పొట్టిగా ఉండటంలోనూ దానికి పాత్ర ఉంది. బొరియల్లోకి దూరి బాడ్జర్ అనే జంతువుని తరమడానికి జర్మనీ వేటగాళ్లు తరతరాలుగా పొట్టి కాళ్ల కుక్కల్నే ఎంచి పెంచుకున్నారు. పొట్టి కాళ్లతో పాటే పెళుసు డిస్కూ వంశంలోకి దిగింది. మనిషి కోరుకున్న రూపానికి కుక్క తన నడుముతో మూల్యం చెల్లిస్తోంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

చిట్టికి చిట్లింది 12వ, 13వ ఛాతీ పూసల మధ్య డిస్కు. ఈ జబ్బు ఎక్కువగా ఆ చుట్టుపక్కలే వస్తుంది. అంతకు ముందున్న ఛాతీ డిస్కుల మీదుగా, ఎడమ పక్కటెముక తలనీ కుడి పక్కటెముక తలనీ కలుపుతూ ఒక స్నాయువు అడ్డంగా ఉంటుంది. డిస్కు పైకి చిమ్మకుండా కాపు కాసేది అదే. 11వ ఛాతీ పూస దాటాక ఆ కాపు లేదు. ఛాతీ బిగువు అయిపోయి నడుము ఊపు మొదలయ్యేదీ అక్కడే.

మూడో రోజు వేరే ఆసుపత్రికి వెళ్లాం. అక్కడి పరీక్ష నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. డాక్టరుగారు చిట్టి వెనక కాలి వేళ్ల మధ్య చర్మాన్ని నొక్కారు. కాలు చటుక్కున ముడుచుకుంది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "నొప్పి తెలుస్తోంది డాక్టరుగారూ!" అన్నాను. ఆయన తలెత్తకుండానే అన్నారు: "కాలు చూడకండి మేడం. ముఖం చూడండి."

ముఖం చూశాను. చిట్టి కిటికీ వైపు చూస్తోంది, తన కాలితో తనకి సంబంధమే లేనట్టు. కాలు ముడుచుకున్న సంగతి దానికి తెలియదు. వేలి దగ్గరి వార్త నడుము కింది వెన్నుపాముకి చేరింది, అక్కడినుంచే కండరానికి ఆజ్ఞ వచ్చింది, కాలు ముడుచుకుంది. మెదడు దాకా ఏదీ పోలేదు. ఆయన ఈసారి ఫోర్సెప్స్ తీసుకుని వేలి ఎముకనే గట్టిగా నొక్కారు. ఒక్క క్షణం గడిచింది. అప్పుడు చిట్టి గిర్రున తల తిప్పి, ఆ చేతి వైపు చూసి సన్నగా మూలిగింది. నా బిడ్డ బాధతో మూలిగితే నేను సంతోషించిన రోజు జీవితంలో అదొక్కటే.

ఆ మూలుగు విలువ ఎంతో అంకెల్లో చెప్పొచ్చు. కాళ్లు పూర్తిగా పడిపోయినా ఈ లోతు నొప్పి తెలిసే కుక్కల్లో, ఆపరేషన్ చేస్తే నూటికి 90కి పైగా మళ్లీ నడుస్తాయి. లోతు నొప్పి కూడా పోయినవాటిలో నడిచేవి సగం, మహా అయితే నూటికి 60. ఎందుకింత తేడా అంటే వెన్నుపాములో నరపు పోగుల అమరిక అలాంటిది. పాదం ఎక్కడుందో మెదడుకి చెప్పే పోగులు లావుగా, పై అంచుల్లో ఉంటాయి. ఒత్తిడికి మొదట దెబ్బతినేవి అవే. తర్వాత కాలు కదిపే పోగులు, ఆ తర్వాత మూత్రం మీద అదుపు. లోతు నొప్పిని మోసే పోగులు సన్నవి, లోపలెక్కడో రెండు వైపులా చెదిరి ఉంటాయి. అవి కూడా మూగబోయాయంటే వెన్నుపాము మొత్తం మందం దెబ్బతిన్నదని అర్థం. కోలుకునేటప్పుడు వరస తిరగబడుతుంది. చివర పోయినది ముందు వస్తుంది. ముందు పోయిన పాదం ఎరుక అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది, కొన్నిసార్లు పూర్తిగా రాదు.

నడుము కింది వెన్నుపాము స్వతంత్రంగా ఎంత పని చేయగలదో తేల్చినవాడు ఇంగ్లండ్ శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్. వెన్నుపాము తెగిన కుక్క పక్కటెముకల మీద వేలితో గీకితే, ఆ స్పర్శ తెలియకపోయినా వెనక కాలు లయగా గోక్కుంటుందని ఆయన చూపించాడు. నాడీకణాల మీద చేసిన కృషికి 1932లో ఎడ్గార్ ఏడ్రియన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఆయన దగ్గర పనిచేసిన గ్రాహం బ్రౌన్ 1911లో పిల్లుల మీద ప్రయోగాలతో, నడక లయ పుట్టేదీ వెన్నుపాములోనే అని తేల్చాడు. మెదడు కంట్రోల్ రూం అయితే, నడుములో సొంత ప్యానెల్ ఒకటి ఉందన్నమాట. లోతు నొప్పి ఎప్పటికీ రాని కుక్కలు కొన్ని నెలల తరబడి సాధన తర్వాత తూలుతూ నడవడానికి కారణం ఈ ప్యానెలే. ఆ ప్రయోగాల కోసం వెన్ను తెగ్గోయించుకున్న మూగ జీవాలు చాలా ఉన్నాయి. చిట్టి కాలిని డాక్టరుగారు చదవగలిగారంటే ఆ జీవాలకి నేను రుణపడి ఉన్నాను.

ఆపరేషన్ గురించి క్లుప్తంగానే చెబుతాను. మామూలు ఎక్స్‌రేలో వెన్నుపాము కనబడదు. ఎమ్మారై గానీ సీటీ గానీ ఉండాలి, లేదంటే వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసే మైలోగ్రాం. చిమ్మిన చోటు తెలిశాక పూస పక్క గోడలో కిటికీలా ఎముక తొలిచి, ముద్దని తోడి తీస్తారు. మాకు ఒక గిన్నెలో చూపించారు. గోరంత తడి సున్నం. అంతే. సర్జను తీసింది ఒత్తిడిని మాత్రమే. నలిగిన పోగులని ఏ సర్జనూ కుట్టలేడు. వాపు తగ్గి, చెదిరిన మైలిన్ తొడుగు తిరిగి అల్లుకోవాలి. తెగిపోగా మిగిలిన పోగులు ఎక్కువ పని నేర్చుకోవాలి. పిల్లుల మీద జరిగిన పాత పరిశోధనల్లో, నూటికి 5 నుంచి 10 పోగులు మిగిలినా జంతువు నడవగలిగింది. అంత కొద్ది మిగులు చాలు. ఆ కొద్దిని కాపాడటమే ఇంట్లోవాళ్ల పని.

ఇక మూత్రం సంగతి. ఇంటికి వచ్చిన కుక్క విషయంలో కాళ్లకంటే ముందు చూడాల్సింది ఇదే. నడుము పైభాగాన వెన్నుపాము దెబ్బతింటే మూత్రద్వారం కండరం బిగుసుకుపోతుంది. సంచి నిండుతుంది గానీ కుక్క వదలలేదు. నిండీ నిండీ ఇక పట్టనప్పుడు పొంగి కారుతుంది. తడిసిన పక్కని చూసి "హమ్మయ్య, పోసింది" అనుకుంటాం. అది పోయడం కాదు, పొర్లడం. అలా రోజుల తరబడి సాగిపోయిన సంచి గోడ మళ్లీ ముడుచుకునే బలం కోల్పోతుంది. నిలవున్న మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందుకని ప్రతి 6 నుంచి 8 గంటలకి ఒకసారి చేత్తో ఖాళీ చేయించాలి. మా ఇంట్లో ఆ లెక్క షిఫ్టులతో కుదిరింది. పొద్దున 6, మధ్యాహ్నం 2, రాత్రి 10. ప్లాంటులో మనుషులు మారే వేళకి మా వరండాలో దుప్పటి పరిచేవాళ్లం. మధ్యాహ్నం వంతు పని అక్కది. ఆమె చెయ్యి నా చెయ్యికంటే నేర్పుగా ఉండేది.

ఈ పనిని పుస్తకం చదివి నేర్చుకోకండి, డాక్టరు దగ్గర మీ చెయ్యి పెట్టించుకుని నేర్చుకోండి. నాకు తెలిసినది చెబుతాను. కుక్కని నిలబెట్టి గానీ పక్కకి పడుకోబెట్టి గానీ, చివరి పక్కటెముకకీ తొడకీ మధ్య రెండు అరచేతులూ వెడల్పుగా పెట్టాలి. వేళ్లతో పొడవకూడదు. లోపల నీళ్లు నింపిన బెలూన్‌లా, బత్తాయంత గుండ్రంగా చేతికి తగులుతుంది. ఊపిరి బిగబట్టిన పొట్ట వదులయ్యేదాకా ఆగి, మెల్లగా, ఒకే ఒత్తిడితో తోక వైపు నొక్కుతూ పోవాలి. మొదట ఏమీ రాదు. అప్పుడు బలం పెంచకూడదు, అలాగే పట్టి ఉండాలి. బిగువు సడలగానే ధార వస్తుంది. బత్తాయి నిమ్మకాయంత అయ్యేదాకా పట్టుకోవాలి. ఎంతకీ సడలకపోతే ఆ కండరాన్ని వదులు చేసే మందులున్నాయి, డాక్టరుని అడగండి. వాసన మారినా, మబ్బుగా ఉన్నా, ఎర్రజీర కనబడినా అదే రోజు పరీక్ష చేయించాలి.

తొమ్మిదో రోజు తోక ఊగింది ఈ పని మధ్యలోనే. తోక కింద ఒత్తిడి తగిలినప్పుడు అక్కడి నరాలు లోకల్‌గా ఇచ్చిన జవాబు అది.

తర్వాత నేల. మన ఇళ్లన్నీ ఇప్పుడు నున్నటి టైల్సు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకే జారుతుంది. వెనక కాళ్లలో సత్తువ కొద్ది కొద్దిగా తిరిగొస్తున్న కుక్క కాళ్లు చీలి పడిందంటే నడుము మెలిపడుతుంది, చిట్లిన డిస్కులోంచి మిగిలిన ముద్ద మళ్లీ చిమ్మవచ్చు. పీచు వలయానికి మచ్చ కట్టి గట్టిపడటానికి వారాలు పడుతుంది. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలు బోనులో విశ్రాంతి. గాజువాక వెల్డింగు షాపులో ఇనుప జాలీతో చేయించాం. లేచి నిలబడి, చుట్టూ తిరిగి పడుకునేంత చోటుంటే చాలు, గెంతే చోటు ఉండకూడదు. బయటికి తీసినప్పుడు నడిచే దారి పొడుగునా కొబ్బరి పీచు పట్టాలు పరిచాం. పొద్దున ఇల్లు తుడిచి నేల పూర్తిగా ఆరేదాకా బోను తలుపు తీసేవాళ్లం కాదు. మెట్లు, దివాన్, స్కూటర్ ముందు ఫుట్‌బోర్డు మీద నిలబెట్టి తిప్పడం అన్నీ బంద్.

విశాఖ ఏప్రిల్, మే నెలల ఉక్కపోత కూడా ఒక శత్రువే. కదలని కుక్కకి తుంటి మీద, మోచేతి మీద, మడమ మీద చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది. మందపాటి పరుపు, దాని మీద ప్లాస్టిక్ షీటు, ఆపైన మెత్తటి నూలు చీర మడతలు వేశాం. నాలుగు గంటలకొకసారి వైపు మార్చేవాళ్లం. తడిసిన చీర నిమిషం కూడా ఉంచకూడదు, మూత్రం చర్మాన్ని కాలుస్తుంది. తేమకి ఈగలు వాలతాయి, అవి పుండు మీద గుడ్లు పెట్టాయంటే పురుగులు పడతాయి. బోను మీద పగలు కూడా దోమతెర కప్పి ఉంచాం.

వ్యాయామం ఆపరేషన్ అయిన మూడో రోజు నుంచే మొదలైంది, డాక్టరు చెప్పిన మేరకే. పక్కకి పడుకోబెట్టి ఒక్కో కీలునీ నొప్పి లేనంత మేర వంచి చాపడం, పదేసి సార్లు, రోజుకి మూడు పూటలు. పాదం అడుగున వేళ్ల మధ్య చక్కిలిగిలి పెడితే కాలు ముడుచుకుంటుంది, ఆ ముడుచుకోవడంతోనే కండరం కరిగిపోకుండా ఉంటుంది. లోకల్ ప్యానెల్‌తో కూడా అలా పని చేయించుకోవచ్చు. తర్వాత పొట్ట కింద తువ్వాలు వేసి ఎత్తి పట్టుకుని నిలబెట్టడం. కుట్లు విప్పి గాయం పూర్తిగా ఆరాక నీళ్లు. నీళ్లు తుంటి దాకా ఉంటే కుక్క కాళ్ల మీద పడే బరువు దాని మామూలు బరువులో నూటికి 38 మాత్రమే. మోకాలి దాకా అయితే 85. అందుకని బట్టలు నానబెట్టే పెద్ద ప్లాస్టిక్ టబ్బులో, అడుగున రబ్బరు పట్టా వేసి, తుంటి మునిగేలా గోరువెచ్చటి నీళ్లు పోసి నిలబెట్టాం. ఊళ్లోనే సముద్రం ఉంది కదా అని కొందరు సలహా ఇచ్చారు. మన తీరంలో అలల లాగుడు ఈత వచ్చిన మనుషుల్నే తీసుకుపోతుంది. కాళ్లలో పట్టు లేని కుక్కని అందులోకి దింపకండి.

సలహాలకి కొదవ లేదు. నూనెతో గట్టిగా మర్దన చేయమన్నారు, ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర సగం వేయమన్నారు. మనుషుల నొప్పి మాత్రలు కుక్కలకి విషంతో సమానం. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వాటి కడుపునీ మూత్రపిండాలనీ దెబ్బతీస్తాయి. పశువులకి వాడిన డైక్లోఫెనాక్ వల్లే మన దేశంలో రాబందులు లక్షల్లో చనిపోయాయి, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. కదలని కుక్కకి తిండి తగ్గించాలి, పెరిగే ప్రతి కిలో నడుము మీదే పడుతుంది. సాంబారన్నం పెట్టేవాళ్లు మానండి. ఉల్లిపాయ కుక్క రక్తకణాలని విరిచేస్తుంది.

ఒక చేదు విషయం కూడా దాచకుండా చెప్పాలి. లోతు నొప్పి పోయిన కుక్కల్లో నూటికి సుమారు 10 వాటిలో, దెబ్బతిన్న చోటి నుంచి వెన్నుపాము ముందుకీ వెనక్కీ కరిగిపోతూ పోతుంది. సాధారణంగా కొద్ది రోజుల్లోనే బయటపడుతుంది. స్పర్శ లేని గీత మెడ వైపు పాకుతుంది, ముడుచుకునే కాలు వేలాడిపోతుంది, ముందు కాళ్లు బలహీనపడతాయి, చివరికి ఊపిరి. దానికి మందు లేదు. అలాంటప్పుడు డాక్టరు నిద్రమందుతో ముగింపు సూచిస్తే అది దయే. ఆ ఇంటివాళ్లు ఓడిపోలేదు.

ఆపరేషన్ ఊసే లేని కుక్కలు మన రోడ్ల మీద ఎన్నో. గాజువాక నుంచి కూర్మన్నపాలెం దాకా జాతీయ రహదారి మీద, పోర్టు లారీలు తిరిగే సింధియా దారిలో, బండి తగిలి నడుం విరిగినవి కనబడతాయి. వాటిని చేతుల్తో ఎత్తి ఒళ్లో వేసుకోకండి. విరిగిన పూస కదిలితే మిగిలిన పోగులూ తెగుతాయి. ఒక చెక్క గానీ గట్టి అట్ట గానీ పక్కన పెట్టి, మెడా నడుమూ ఒకే వరసలో ఉండేలా దాని మీదకి జరిపి, గుడ్డతో కట్టి తీసుకెళ్లాలి. నొప్పిలో ఉన్న కుక్క కరుస్తుంది, మూతికి చున్నీ చుట్టండి. కానీ దెబ్బ జాడ లేకుండా కాళ్లు పడిపోయి, దవడ వేలాడి చొంగ కారుస్తుంటే అది రేబిస్ కావచ్చు. తాకవద్దు, తెలిసినవారికి కబురు పెట్టండి. ఏ కుక్క పన్ను దిగినా, చొంగ గాయానికి తగిలినా 15 నిమిషాలు సబ్బుతో కడిగి అదే రోజు టీకా వేయించుకోండి. విశాఖలో వీధి జంతువుల కోసం 1996 నుంచీ విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ పనిచేస్తోంది. గరివిడిలో పశువైద్య కళాశాల వచ్చాక ఉత్తరాంధ్రకి కొంత ఆసరా దొరికింది. ఇంకా చాలా కావాలి.

వెన్నుపాముని నిజంగా అతికించే రోజు వస్తుందా అని పిల్లలు అడుగుతారు. 2012లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు నికొలస్ జెఫ్రీ, రాబిన్ ఫ్రాంక్లిన్ బృందం, వెన్ను దెబ్బతిన్న 34 పెంపుడు కుక్కల మీద చేసిన ప్రయోగం ఫలితాలు ప్రకటించింది. ముక్కులో వాసన నరాలకి తొడుగుగా ఉండే కణాలు జీవితాంతం కొత్త పోగుల్ని పెరగనిస్తాయి. ఆ కణాలని అదే కుక్క ముక్కులోంచి తీసి, పెంచి, వెన్నులోకి ఎక్కించారు. కణాలు అందిన కుక్కల్లో ముందు కాళ్లకీ వెనక కాళ్లకీ మధ్య పొంతన మెరుగైంది. వాటిలో జాస్పర్ అనే డాష్‌హండ్ కూడా ఉంది. అయితే మెదడు నుంచి దిగే పొడుగు పోగులు తిరిగి అతికిన గుర్తులు కనబడలేదు. మెరుగైంది మళ్లీ లోకల్ ప్యానెలే. మూత్రం మీద అదుపులోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఉన్నంతలో అది పెద్ద అడుగే, కానీ పూర్తి దారి కాదు.

పదిహేడో రోజు రాత్రి పదిన్నర. చిట్టి బోనులో పడుకుని ఉంది, దాన్ని ఎవరూ తాకడం లేదు. నేను నోటుబుక్కులు దిద్దుకుంటున్నాను. వీధి మలుపులో మా ఆయన బండి చప్పుడు వినబడింది. చిట్టి చెవులు లేచాయి. తల తిప్పి గుమ్మం వైపు చూసింది. అప్పుడు పరుపు మీద టప్, టప్ మని చప్పుడు. చూస్తే తోక. బండి ఆగేదాకా కొడుతూనే ఉంది. చెవి విన్నది మెదడు గుర్తుపట్టింది, మెదడు పంపిన సంతోషం నలిగిన చోటు దాటి తోక దాకా దిగింది. తలుపు తీసి చెప్పాను. ఆయన బోను ముందు నేల మీద కూలబడి, చాలాసేపటికి ఒక్క మాట అన్నారు: "కంట్రోల్ రూం నుంచి వచ్చింది."

ఇరవయ్యారో రోజున తువ్వాలు ఆసరా లేకుండా నాలుగడుగులు వేసింది. మూడో నెల నుంచి సాయంత్రం ఇసుక చల్లబడ్డాక అప్పికొండ తీరానికి తీసుకెళ్లడం మొదలుపెట్టాం. తడి ఇసుకలో ప్రతి అడుగూ ఎత్తి వేయాల్సిందే, ఈడ్చితే గీత పడి పట్టిస్తుంది. మొదట్లో చిట్టి వెనక రెండు గీతలు ఉండేవి. తర్వాత ఒకటి. అది చెరిగిపోలేదు. పాదం మడిచి వెనక్కి తిప్పి పెడితే కుడి కాలిని వెంటనే సరిచేసుకుంటుంది, ఎడమదానికి ఇప్పటికీ రెండు క్షణాలు పడుతుంది. దివాన్ ముందు వాలు చెక్క పెట్టాం, దాని మీంచే దిగుతుంది.

మీ ఇంట్లో కుక్క రేపు పొద్దున వీపు వంచి నిలబడితే, తిప్పకండి, మాత్రలు వేయకండి. ఒక గంపలోనో పెట్టెలోనో కదలకుండా పడుకోబెట్టి అదే రోజు పశువైద్యుడికి చూపించండి. వేలు నొక్కినప్పుడు కాలు కాదు, ముఖం చూడండి.

చిట్టికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. మూడు కాళ్ల గోళ్లు నెలకోసారి నేను కత్తిరిస్తాను. ఎడమ వెనక కాలివి అవసరం లేదు, నేలకి రాసుకుని వాటంతటవే అరిగిపోతాయి.